ఊపిరి వేరు, శ్వాసక్రియ వేరు: అసలు పని జరిగేది కణంలోనే

పదో తరగతి పిల్లల్ని "శ్వాసక్రియ అంటే ఏమిటి?" అని అడిగితే, చాలామంది నుంచి టక్కున వచ్చే జవాబు "గాలి పీల్చడం, వదలడం". జవాబు పూర్తిగా తప్పు కాదు గానీ, అది సగమే. గాలి పీల్చడం మొదటి మెట్టు మాత్రమే. శక్తి పుట్టే అసలు పని ఊపిరితిత్తుల్లో కాదు, ఒంట్లోని కణాల్లో జరుగుతుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే జీవశాస్త్రం పుస్తకంలోని పోషణ, శ్వాసక్రియ, ప్రసరణ, విసర్జన పాఠాలు నాలుగూ ఒకే కథలా కనిపిస్తాయి. ఇంట్లో ఆడపిల్ల మెట్లెక్కగానే ఎందుకు అలసిపోతోందో కూడా అర్థమవుతుంది.

ఉర్దూ మీడియంలో చదువుకున్న తల్లిదండ్రులు పిల్లలకు ఈ పాఠం చెప్పాలనుకుంటే రెండు మాటలు గుర్తుంచుకుంటే చాలు. కణం అంటే ఖలియా, శ్వాసక్రియ అంటే తనఫ్ఫుస్. మామూలుగా సాంస్ లేనా అనేది వేరే సంగతి.

నాలుగు వ్యవస్థలు, ఒకటే పని

కణం పని చేయాలంటే శక్తి కావాలి. ఆ శక్తి కోసం ముఖ్యంగా రెండు సరుకులు కావాలి: గ్లూకోజ్, ఆక్సిజన్. ఒంట్లోని పెద్ద వ్యవస్థలు చేసే పనిలో చాలా భాగం ఈ రెండింటినీ కణం గడప దాకా చేర్చడం, అక్కడ మిగిలిన చెత్తను బయటికి పంపడమే.

తిన్న అన్నం, రొట్టె జీర్ణవ్యవస్థలో గ్లూకోజ్‌గా మారతాయి. చిన్నపేగు లోపలి గోడల మీద వేళ్లలా ఉండే ఆంత్రచూషకాలు ఆ గ్లూకోజ్‌ను రక్తంలోకి తీసుకుంటాయి. ఇది మొదటి సరుకు.

రెండో సరుకు గాలి నుంచి వస్తుంది. పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. వదిలే గాలిలో సుమారు 16 శాతం. అంటే పీల్చిన ఆక్సిజన్ అంతా ఒంట్లో ఉండిపోదు, కొంతే రక్తంలో కలుస్తుంది. ఈ మార్పిడి ఊపిరితిత్తుల్లోని కోట్లాది వాయుగోణుల్లో జరుగుతుంది. వాటి గోడలు ఎంత పలచగా ఉంటాయంటే, ఆక్సిజన్ సులువుగా పక్కనే ఉన్న రక్తకేశనాళికల్లోకి దాటుతుంది. కార్బన్ డయాక్సైడ్ అదే దారిలో ఇటు వస్తుంది.

ఈ రెండు సరుకులనూ మోసేది రక్తం, ఆ రక్తాన్ని తోసేది గుండె. ఆక్సిజన్‌ను పట్టుకునేది ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్. ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. ఆక్సిజన్ మోసే ఈ ఎర్ర రక్తకణాల్లో మైటోకాండ్రియా ఉండవు. అందుకే అవి తాము మోసే ఆక్సిజన్‌ను తమ శక్తి కోసం వాడుకోలేవు. సరుకంతా మిగతా కణాలకే.

మిగిలింది విసర్జన. కణాల్లో పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను ఊపిరితిత్తులు బయటికి పంపితే, మాంసకృత్తుల నుంచి వచ్చిన యూరియాను మూత్రపిండాలు వడకట్టి పంపేస్తాయి.

రక్తం ఊపిరితిత్తులకు వెళ్తుందని చెప్పిన హకీం

రక్తం గాలిని ఎక్కడ కలుస్తుందనే సంగతి మనుషులకు చాలా కాలం సరిగ్గా తెలియదు. గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పిన మాటే వెయ్యేళ్లకు పైగా చెల్లింది. గుండె కుడి, ఎడమ జఠరికల మధ్య గోడలో కంటికి కనపడని రంధ్రాలున్నాయని, రక్తం వాటిగుండా దాటుతుందని ఆయన చెప్పాడు.

డమాస్కస్‌లో వైద్యం చదివి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ నఫీస్ 1242లో దీన్ని కాదన్నాడు. ఇబ్న్ సీనా రాసిన 'అల్ ఖానూన్' గ్రంథంలోని శరీర నిర్మాణ భాగానికి వ్యాఖ్యానం రాస్తూ, ఆ గోడ గట్టిగా ఉందని, అందులో రంధ్రాలు లేవని తేల్చాడు. రక్తం కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు వెళ్లి, అక్కడ గాలితో కలిసి, తిరిగి గుండె ఎడమ వైపుకు వస్తుందని రాశాడు. పుస్తకాల్లో ఇప్పుడు పుపుస ప్రసరణ అని చదువుతున్నది ఇదే. విలియం హార్వే రక్తప్రసరణ గురించి రాసిన పుస్తకం 1628లో వచ్చింది. ఇబ్న్ అల్ నఫీస్ రాతప్రతి బెర్లిన్‌లో ఉన్న సంగతి 1924లో గానీ మళ్లీ వెలుగులోకి రాలేదు.

కణం లోపల జరిగేదేమిటి

గ్లూకోజ్ కణంలోకి చేరాక మొదట కణద్రవ్యంలో విరుగుతుంది. ఒక గ్లూకోజ్ అణువు రెండు పైరూవిక్ ఆమ్లం అణువులవుతుంది. దీన్ని గ్లైకాలసిస్ అంటారు. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు, దొరికే శక్తి కూడా తక్కువే: నికరంగా 2 ఏటీపీలు. ఏటీపీ అంటే కణం వాడుకునే చిల్లర డబ్బు లాంటిది. గ్లూకోజ్ పెద్ద నోటు అనుకుంటే, కణం దాన్ని చిల్లరగా మార్చుకుని ఖర్చు పెడుతుంది.

ఆక్సిజన్ అందితే పైరూవిక్ ఆమ్లం మైటోకాండ్రియాలోకి వెళ్తుంది. అక్కడ అది పూర్తిగా విడిపోయి కార్బన్ డయాక్సైడ్, నీరు ఏర్పడతాయి. శక్తిలో ఎక్కువ భాగం ఇక్కడే వస్తుంది. ఒక గ్లూకోజ్‌కు మొత్తం 38 ఏటీపీలని చాలా పుస్తకాల్లో ఉంటుంది. ఇప్పటి లెక్కల ప్రకారం 30 నుంచి 32. పరీక్షలో మాత్రం పిల్లలు తమ పాఠ్యపుస్తకంలో ఉన్న సంఖ్యే రాయాలి.

కట్టె మండినా ఇలాగే ఆక్సిజన్ ఖర్చవుతుంది, కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కానీ కట్టె ఒక్కసారిగా భగ్గుమంటుంది. కణంలో అదే పని ఎంజైముల సాయంతో మెల్లగా, మెట్టు మెట్టుగా జరుగుతుంది. అందుకే ఒళ్లు కాలిపోదు, వెచ్చగా ఉంటుంది.

ఆక్సిజన్ చాలకపోతే

గ్రౌండ్‌లో గట్టిగా పరుగెత్తే పిల్లాడి కండరాలకు కావలసినంత ఆక్సిజన్ ఆ క్షణంలో అందదు. అప్పుడు కండరం పైరూవిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చి పని నడిపిస్తుంది. ఇది అవాయు శ్వాసక్రియ. పరుగు ఆగాక కూడా కాసేపు రొప్పడం ఆ ఆక్సిజన్ బాకీ తీర్చడానికే.

ఇంట్లో కనిపించే ఉదాహరణ ఖమీర్. నాన్ పిండిలో వేసిన ఈస్ట్ చక్కెరను విడగొట్టి కార్బన్ డయాక్సైడ్‌ను, కొద్దిగా ఆల్కహాల్‌ను తయారు చేస్తుంది. ఆ వాయువు బుడగల వల్లే పిండి పొంగుతుంది. తందూర్ వేడికి ఆల్కహాల్ చాలావరకు ఆవిరైపోతుంది.

మరి రోజాలో శక్తి ఎక్కడిది?

సహరీ తిన్న కొన్ని గంటల దాకా ఆ భోజనం నుంచి వచ్చిన గ్లూకోజ్ సరిపోతుంది. ఆ తర్వాత కాలేయం తనలో దాచుకున్న గ్లైకోజన్‌ను విడగొట్టి రక్తంలోకి గ్లూకోజ్ పంపుతుంది. సమయం గడిచే కొద్దీ కొవ్వు వాడకం పెరుగుతుంది. కణాల్లో శ్వాసక్రియ ఒక్క క్షణం కూడా ఆగదు, ఇంధనం వచ్చే చోటు మారుతుందంతే. మెదడు శరీర బరువులో సుమారు 2 శాతమే అయినా, విశ్రాంతిలో ఉన్నప్పుడు ఒళ్లు వాడే శక్తిలో ఐదో వంతు దానికే పోతుంది.

షుగర్ ఉన్నవారి సంగతి వేరు. ఇన్సులిన్ చాలకపోతే, లేదా ఉన్నది సరిగ్గా పని చేయకపోతే, రక్తంలో గ్లూకోజ్ నిండుగా ఉన్నా కండరాల వంటి కణాల్లోకి సరిగా వెళ్లదు. ఇంటి ముందు సరుకుల బండి నిలబడి ఉన్నా తలుపు తెరుచుకోని పరిస్థితి ఇది. మందులు, ఇన్సులిన్ వాడేవారు రంజాన్‌కు ముందే డాక్టర్‌ను కలిసి అడగాలని చెప్పేది ఇందుకే.

నీరసం బద్ధకం కాకపోవచ్చు

ఈ పాఠం నేరుగా ఇంటికి తగిలే చోటు రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ తయారీకి ఇనుము కావాలి. అది తగ్గితే ఊపిరితిత్తులు బాగున్నా, గాలి నిండుగా పీల్చినా, కణానికి చేరే ఆక్సిజన్ తగ్గుతుంది. శక్తి తగ్గుతుంది. ఆయాసం, తలతిరగడం, చదువు మీద ధ్యాస నిలవకపోవడం కనిపిస్తాయి. అలాంటి పిల్లను "బద్ధకం" అని కోప్పడే ముందు ఒక రక్తపరీక్ష చేయించాలి. పదిహేనేళ్లు దాటిన, గర్భిణులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత కింద లెక్క.

మాంసం, కలేజీ, తోటకూర, పప్పులు, రాగుల్లో ఇనుము ఉంటుంది. మాంసంలోని ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది. ఆకుకూరలు, పప్పుల మీద నిమ్మరసం పిండుకుంటే వాటి ఇనుము కూడా ఎక్కువగా అందుతుంది. భోజనంతో పాటు చాయ్ తాగితే మాత్రం తగ్గుతుంది. కాబట్టి చాయ్‌ని గంట తర్వాతకు జరపడం మంచిది. ప్రభుత్వ బడుల్లో ఇచ్చే ఐరన్ మాత్రలు, నులిపురుగుల మాత్రలు పారేయకుండా మింగించాలి. హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉంటే తిండి ఒక్కటే సరిపోదు, డాక్టర్ చికిత్స కావాలి.

పరీక్షలో ఎలా రాయాలి

తేడాలు అడిగితే ఇలా చూపించవచ్చు. ఉచ్ఛ్వాసం, నిశ్వాసం భౌతిక చర్యలు, కణ శ్వాసక్రియ రసాయన చర్య. మొదటిది ఊపిరితిత్తుల్లో, రెండోది కణాల్లో జరుగుతుంది. మొదటిదానిలో శక్తి విడుదల కాదు, రెండోదానిలో అవుతుంది. ఆ కింద ఒక్క వరుస సమీకరణం: గ్లూకోజ్ + ఆక్సిజన్ → కార్బన్ డయాక్సైడ్ + నీరు + శక్తి.

ఆ వరుసలో ఎడమ వైపున్నవి ఎలా వస్తాయో పోషణ, శ్వాసక్రియ, ప్రసరణ పాఠాలు చెబుతాయి. కుడి వైపున మిగిలిన వ్యర్థాలు ఎటు పోతాయో విసర్జన చెబుతుంది. పిల్లలు ఈ వరుసను బట్టీ పట్టే బదులు, తిన్న ముద్ద, పీల్చిన గాలి కణం దాకా వెళ్లే దారిని ఒకసారి తమ మాటల్లో ఇంట్లోవాళ్లకు చెప్పగలిగితే, నాలుగు పాఠాలూ వచ్చేసినట్టే.