పట్టుపురుగుల పాలిటి ఊజీ ఈగ: ఎక్సోరిస్టా ప్రజాతి గుర్తింపు లక్షణములు

కోలారు, చిక్కబళ్ళాపురము జిల్లాలలోని తెలుగు కుటుంబములలో అనేకులకును, హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు రైతులకును, సరిహద్దున కావల హిందూపురము, మదనపల్లె సీమలవారికిని పట్టుపురుగుల పెంపకము జీవనాధారము. 1980వ సంవత్సరమునకు పూర్వము ఈ ప్రాంతములలో ఊజీ ఈగ పేరు వినిన రైతు అరుదు. వంగదేశమున చిరకాలముగా నున్న ఈ కీటకము ఆ సంవత్సరమున అచటినుండి వచ్చిన పట్టుగూళ్ళతో కర్ణాటకమున ప్రవేశించి, అనతికాలములోనే ఇరుగుపొరుగు రాష్ట్రములకును వ్యాపించినది. నెలదినముల శ్రమను నాలుగు దినములలో వమ్ము చేయగల శత్రువిది. ఇట్టి శత్రువును గెలుచుటకు మొదటి మెట్టు దానిని గుర్తెరుగుటయే.

ఊజీ అను మాట మనది కాదు. జపాను భాషలో 'ఉజి' యనగా ఈగపిల్ల, అనగా కాళ్ళులేని తెల్లని పురుగు. శాస్త్రజ్ఞులు ఈ ఈగను ఎక్సోరిస్టా బాంబైసిస్ అందురు. పూర్వపు గ్రంథములలో ఎక్సోరిస్టా సార్బిల్లాన్స్ అనియు, ట్రైకోలైగా బాంబైసిస్ అనియు కానవచ్చును. ఎక్సోరిస్టా యను ప్రజాతిని 1803లో మైగెన్ అను జర్మను పండితుడు నిరూపించెను. ఇది టాకినిడే కుటుంబమునకు చెందినది. ఈ కుటుంబపు ఈగల పిల్లలు దాదాపుగా అన్నియు ఇతర కీటకముల దేహములలో పెరుగునవియే.

మొదట కుటుంబ లక్షణములను చూతము. ఈగను ప్రక్కనుండి పరికించినచో, వక్షము చివర నుండు చిన్న త్రికోణఫలకము క్రింద మరియొక ఉబ్బు కనబడును. ఇదియే టాకినిడే కుటుంబమునకు ముద్ర. ఇంటి ఈగకు గాని, మాంసపు ఈగకు గాని ఈ ఉబ్బు ఇంత స్పష్టముగా నుండదు. ఉదరముపై మొనదేరిన బిరుసు వెండ్రుకలు నిలిచియుండుట రెండవ గుర్తు.

తరువాత ప్రజాతి లక్షణములు. ఎక్సోరిస్టా ఈగల కన్నులపై రోమములు దాదాపుగా నుండవు. ముఖమున కిరుప్రక్కల నుండు గట్లపై బిరుసు వెండ్రుకలు క్రింది భాగమునకే పరిమితములు. ముందుకాళ్ళ నడుమనున్న రొమ్ముఫలకమునకు అంచులయందు వెండ్రుకలుండును. ఈ సూక్ష్మములను చూచుటకు భూతద్దము తప్పదు. ఒక జాతిని మరియొక జాతినుండి వేరుపరచుటకు మగ ఈగల జననాంగములను పరిశీలింపవలసి వచ్చును. అది నిపుణుల పని.

రైతునకు కావలసినది ఇంతకన్న సులభమైన గుర్తు. ఊజీ ఈగ నలుపుతో కూడిన బూడిదరంగు కలది. పొడవు సుమారు 10 నుండి 12 మిల్లీమీటర్లు. ఇంటి ఈగ 6, 7 మిల్లీమీటర్లకు మించదు. వక్షముపై నిలువుగా నాలుగు నల్లచారలుండును. అయితే చారలను మాత్రమే నమ్మరాదు. ఇంటి ఈగకును నాలుగు చారలే కలవు. స్పర్శశృంగమున నుండు సన్నని ముల్లును చూడవలెను. ఇంటి ఈగకు అది ఈకవలె ఇరుప్రక్కల రోమములు కలిగియుండును; ఊజీ ఈగకు నున్నగా నుండును. మాంసపు ఈగ పరిమాణమున దీనిని పోలినను, దాని వక్షముపై చారలు మూడు మాత్రమే. ఉదరము చదరంగపు బల్లవలె గళ్ళు గళ్ళుగా మెరయును.

ఈగ చిక్కకున్నను అది విడిచిన గుర్తులు చిక్కును. ఆడ ఈగ పురుగు చర్మముపై గ్రుడ్లను అంటించును. అవి మీగడ తెలుపు రంగున, సూదిమొన యంతగా నుండును. జపానులో పట్టుపురుగులను బాధించు బ్లెఫారిపా ప్రజాతి ఈగ ఇట్లు చేయదు. అది మిక్కిలి సూక్ష్మములైన గ్రుడ్లను మల్బరీ ఆకుపై పెట్టగా, పురుగు వాటిని ఆకుతోపాటు మ్రింగును. ఊజీ గ్రుడ్డు రెండు మూడు దినములలో పొదిగి, పిల్ల చర్మమును తొలిచి లోన చొచ్చును. చొచ్చినచోట నల్లని మచ్చ ఏర్పడును. దానిని మట్టియని తలచి ఉపేక్షించుట పెద్ద పొరపాటు. ఐదవ దశ ఆరంభముననే ఈగ సోకినచో పురుగు గూడు కట్టకమునుపే చచ్చును. ఆలస్యముగా సోకినచో గూడు కట్టును గాని, ఈగపిల్ల ఆ గూటిని తొలుచుకొని వెలువడును. తెగిన దారము తీయుటకు పనికిరాదు. వెలువడిన పిల్ల నేలబీటలలో దాగి, ఒక దినములోపల ఎఱ్ఱని గోధుమరంగు కోశముగా మారును. పది పండ్రెండు దినములకు క్రొత్త ఈగ పైకి వచ్చును.

ఈ జీవితక్రమము నెరిగినవానికి ఉపాయము తనంతట తోచును. పెంపకపు గృహమునకు కిటికీలయందును, వాకిలియందును నైలాను తెరలు కట్టుట, నేలబీటలను పూడ్చుట, కోశములను ఏరి కాల్చుట ముఖ్యములు. ఊజీ కోశములలో గ్రుడ్లుపెట్టి వాటిని నశింపజేయు నెసోలింక్స్ థైమస్ అను చిన్న కందిరీగను విడుచుటయు నేడు ఆచరణలో నున్నది.

ఎక్సోరిస్టా ప్రజాతి యంతయు మానవునకు శత్రువని తలపరాదు. ఎక్సోరిస్టా లార్వారం అను జాతిని అడవిచెట్ల ఆకులను తిను జిప్సీ చిమ్మటపై ప్రయోగించుటకు ఐరోపానుండి అమెరికాకు కొనిపోయిరి. గొంగళిపురుగును చంపుట ఈ ఈగల స్వభావము. ఆ గొంగళి అడవిని పాడుచేయునదైనచో ఈగ మిత్రము. పట్టుదారము నిచ్చునదైనచో శత్రువు. భేదము ఈగలో లేదు, మన అక్కరలో నున్నది. కావున చంపుటకు ముందు గుర్తించుట నేర్వవలెను. తట్ట నొద్ద కూర్చుండి ఒక్క నల్లమచ్చను సకాలమున చూచిన యిల్లాలు ఆ పంటనంతటిని కాపాడగలదు.