ఆటల కంప్యూటరున వేడిమి – తెరపై వికారములు

కంప్యూటరుపై ఆటలాడువారు వేసవిలో నొక వింతను చూచుచుందురు. ఆట మొదలిడిన యరగంట వఱకు తెరపై బొమ్మలు చక్కగా నుండును. పిమ్మట ఎఱ్ఱని, పచ్చని చుక్కలు చల్లినట్లు కనబడును, చారలు పుట్టును, ఒక్కొక్కప్పుడు తెర యంతయు నల్లబడి యంత్రము నిలిచిపోవును. ఇది చూచి కొందఱు మానిటరు చెడినదని దానిని మార్తురు. మఱికొందఱు కార్డే పాడైనదని తలచి వేలకొలది రూపాయలు వెచ్చించి క్రొత్తదానిని కొందురు. తల్లిదండ్రులు కూడబెట్టిన ధనముతో కొనిన వస్తువును, దుమ్ము తుడిచిన బాగుపడునేమో చూడకయే పారవేయుట తగదు. జ్వరము రోగమునకు లక్షణమైనట్లే తెరపై వికారము లోపలి దోషమునకు లక్షణము. దానిని బట్టి కారణమును గుర్తించు విధమును, వేడిమి బాధ కలుగకుండ కాపాడుకొను విధమును ఇచట వివరింతుము.

మొదట గ్రాఫిక్సు కార్డు చేయు పని యెట్టిదో తెలిసికొందము. సాధారణమగు తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. మొత్తము 20,73,600. సెకండునకు 60 చిత్రములు చూపవలెనన్న, కార్డు ఒక్క సెకండులో 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు నిర్ణయింపవలయును. ప్రతి చుక్క రంగును ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు సంఖ్యలుగా కార్డు తన మెమరీలో వ్రాసికొనును. ఒక్కొక్క సంఖ్య 0 మొదలు 255 వఱకు నుండును. అధికమగు వేడిమిచేత సంఖ్యలోని ఒక్క గుర్తు తప్పుగా చదువబడినను రంగు మాఱిపోవును. వస్తువుల ఆకారమును దెలుపు సంఖ్య తప్పినచో, ఒక మూల తెర యీ చివరనుండి యా చివరకు ముల్లువలె సాగును. మనము చూచు చుక్కలును, చారలును ఇట్టి లెక్క తప్పులే.

ఇంత లెక్క చేయుటకు విద్యుచ్ఛక్తి కావలయును. 2022లో వెలువడిన ఎన్‌విడియా వారి ఆర్‌టిఎక్స్ 4090 కార్డునందలి చిప్పులో 7,630 కోట్ల ట్రాన్సిస్టర్లు కలవు. ఆ కార్డు 450 వాట్ల వఱకు శక్తిని గైకొనును. అది మన ఇండ్లలోని వేయి వాట్ల ఇస్త్రీపెట్టె తీసికొను దానిలో సగమునకు సమీపము. ఈ శక్తి ఇంచుమించుగా నంతయు వేడిమిగా మాఱును. ఇస్త్రీపెట్టెకు వెడల్పైన అడుగు కలదు. ఇచట అధికభాగము ఆరు చదరపు సెంటీమీటర్ల చిప్పులోనే పుట్టుచున్నది. దానిని వెంటనే వెలికి పంపనిచో చిప్పు నిలువజాలదు.

ఆ వేడిమి పోవు దారి యిట్లుండును. చిప్పునుండి థర్మల్ పేస్టు అను పూత ద్వారా రాగి, అల్యూమినియముతో చేసిన హీటుసింకునకు చేరును. హీటుసింకు రేకుల నడుమనుండి ఫ్యాను గాలి దానిని ఊడ్చుకొని పోయి పెట్టెలోనికి వదలును. పెట్టె ఫ్యానులు ఆ గాలిని గదిలోనికి నెట్టును. ఈ మజిలీలలో నెచట అడ్డము కలిగినను వేడిమి వెనుకకు నిలిచిపోవును. రాగి గాలికంటె సుమారు పదునైదువేల రెట్లు సులభముగా వేడిమిని ప్రసరింపజేయును. కావున పేస్టు ఎండి చిప్పునకును రాగికిని నడుమ సన్నని గాలిపొర యేర్పడినను, రేకుల మధ్య దుమ్ము పేరుకొన్నను, దారి మూసినట్లే యగును.

గది వేడిమి యింకొక విషయము. గాలితో చల్లబడు కార్డు గదికంటె చల్లగా నుండజాలదు. గది 25 డిగ్రీలున్నప్పుడు 70 డిగ్రీలకు చేరు కార్డు, గది 40 డిగ్రీలైనచో అదే పనికి సుమారు 85 డిగ్రీలకు చేరును. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుట కలదు. చలికాలమున దోషము కనబడని యంత్రము మే నెలలో మొరాయించుటకు కారణమిదియే.

కార్డు తన్ను తాను కొంత కాపాడుకొనును. ఆర్‌టిఎక్స్ 4090కు గరిష్ఠ పరిమితి 90 డిగ్రీలు. అంతకు పూర్వపు 3080కు 93. పరిమితిని సమీపించినపుడు కార్డు తన వేగమును తానే తగ్గించుకొనును. అపుడు ఆట తడబడును. అయినను ఈ రక్షణను నమ్మి యూరకుండరాదు. లోహములు వేడిచే వ్యాకోచించి, చల్లబడి సంకోచించును. పలుమారులిట్లు జరిగినచో టంకపు అతుకులు బీటలువాఱును. మైక్రోసాఫ్టువారి ఎక్స్‌బాక్స్ 360 ఆటయంత్రములు ఎఱ్ఱదీపము చూపి పెక్కు నిలిచిపోగా, 2007 జూలైలో ఆ సంస్థ హామీని మూడేండ్లకు పొడిగించి, అందులకై నూఱు కోట్ల డాలర్లకు పైగా కేటాయించెను. మాటిమాటికి వేడెక్కి చల్లబడుటచే లోపలి అతుకులు విఱుగుటయే కారణమని 2021లో తాము వెలువరించిన చిత్రమున వారే తెలిపిరి.

ఇక కారణనిర్ణయము. వికారము అరగంట ఆట పిమ్మటనే వచ్చి, యంత్రము చల్లబడగనే పోయినచో వేడిమిని శంకింపవలయును. విండోస్ 10లో 2020 మే నవీకరణము మొదలుకొని టాస్క్ మేనేజరు కార్డు వేడిమిని చూపును. విండోస్ 11లోను అట్లే. వికారము పుట్టునపుడు ఆ సంఖ్యను వ్రాసికొనుడు. యంత్రము చల్లగా నున్నను, విండోస్ ప్రారంభము కాక పూర్వమే తెరపై చారలున్నచో డ్రైవరు దోషము కాదు. కేబులో, మానిటరో, కార్డో చెడియుండును. తెరచిత్రమును కంప్యూటరులోనే భద్రపఱచి వేఱొక యంత్రముపై చూచుట మఱియొక పరీక్ష. అందులో వికారమున్నచో తప్పు కార్డుదో డ్రైవరుదో యగును. చిత్రము శుభ్రముగానున్నచో కేబులును, మానిటరును ముందుగా పరీక్షింపవలయును. కేబులు మార్చుటకు కొలది రూపాయలే చాలును.

వేడిమియే కారణమని తేలినచో, సులభమైన వానితో ప్రారంభింపవలయును. పెట్టెను బీరువాలోగాని, గోడకు ఆనించిగాని, పఱుపుపైగాని యుంచరాదు. గాలి ముందునుండి వచ్చి వెనుకకును పైకిని పోవునట్లు ఫ్యానులుండవలయును. రెండుమూడు నెలల కొకమాఱు దుమ్ము దులుపుట మంచిది. విద్యుత్తు ఆపి, ప్లగ్గు తీసి, పెట్టె లోహభాగమును చేతితో తాకి, పిమ్మట మెత్తని కుంచెతోను, గాలి ఊదు సాధనముతోను శుభ్రపఱుపవలయును. ఊదునపుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టుకొనవలయును. లేనిచో అది యతివేగమున తిరిగి ఇరుసు చెడును. తడిగుడ్డ కూడదు.

కొన్ని యేండ్లు గడచిన కార్డునకు పేస్టు మార్చుట అవసరము కావచ్చును. హామీ గడువు ముగిసినదో లేదో ముందు చూడవలయును. పాతపూతను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, క్రొత్తపూతను పలుచగా వేయవలయును. మెమరీపై నుండు మెత్తని పట్టీలను మార్చినచో అదే మందముగల వానినే పెట్టవలయును. మందము హెచ్చైనను తగ్గినను హీటుసింకు సరిగా ఆనదు. అనుభవము లేనివారు ఈ పనిని తెలిసినవారి యెదుట చేయుట మేలు.

పుట్టు వేడిమినే తగ్గించుట మఱింత మంచి యుపాయము. 60 చిత్రములు మాత్రమే చూపు తెరకు సెకండునకు 300 చిత్రములు గీయించుట వృథా. ఆటలో ఫ్రేములకు హద్దు పెట్టిన చాలును. 2021 జూలైలో న్యూ వరల్డ్ అను ఆట పరీక్షాదశలో, హద్దులేని మెనూ తెర యొద్దనే కొన్ని ఆర్‌టిఎక్స్ 3090 కార్డులు చెడినవి. అందు టంకపు లోపమున్నదని తయారీదారులు చెప్పిరి; ఆట నిర్మాతలు మెనూకు హద్దు పెట్టిరి. వేగమును హెచ్చించి యున్నచో మామూలు స్థితికి తేవలయును. వోల్టేజి నూటికి 10 వంతులు తగ్గించిన, అదే వేగమునకు వేడిమి సుమారు 19 వంతులు తగ్గును. ఏలయనగా శక్తివ్యయము వోల్టేజి వర్గమును బట్టి యుండును. కాని మితిమీఱి తగ్గించినచో అదియే తెరపై వికారములకు కారణమగును. కావున కొంచెము కొంచెముగా తగ్గించుచు పరీక్షింపవలయును.

చెడిన కార్డును వంట ఓవెనులో కాల్చిన బాగగునని కొందఱందురు. ఒకవేళ బాగైనను అది కొలదికాలము మాత్రమే. పైగా అందుండి వెలువడు ఆవిరులు అన్నము వండు చోటికి తగవు. అట్టి పనికి పూనుకొనరాదు.

బావిలో నీరు తగ్గినదని తెలియుటకు చేద అడుగు తాకువఱకు వేచియుండనక్కఱలేదు. నేడే మీ యంత్రము ఊరక యున్నప్పటి వేడిమిని, అరగంట ఆట పిమ్మటి వేడిమిని ఒక కాగితముపై వ్రాసి పెట్టుడు. నెలకొకమాఱు అట్లే వ్రాయుడు. సంఖ్య పెరుగుచున్నచో తెరపై చుక్కలు పుట్టకమునుపే దుమ్ము దులుపు సమయము వచ్చినదని తెలిసికొనవచ్చును.