పిల్లలతో ఎత్తిపోతల యాత్ర: గ్రామ పంచాయతీ చేయదగిన సన్నాహములు

గుంటూరు, పల్నాడు, ప్రకాశం సీమల నల్లరేగడి గ్రామములలో బడి సెలవులు అనగా పెక్కుమంది పిల్లలకు పొలము పనులే. వానకారున పత్తి చేలలో కలుపు, దసరా దాటినది మొదలు పత్తి తీత, సంక్రాంతి పిమ్మట మిరప కోతలు, ఆపైన కల్లములో తాలుకాయల ఏరివేత. ఈ పనుల నడుమ పెద్దలకు తీరిక చిక్కదు. పిల్లలు ఊరి పొలిమేర దాటి ఒక వింతను చూచుట అరుదు. ఎప్పుడైన తీరిక చిక్కినచో ముప్పది నలుబదిమంది ఒక ట్రాక్టరు ట్రక్కులో ఎక్కి, ఏ సన్నాహమును లేకయే బయలుదేరుదురు. అసలు పోకుండుటయు మంచిది కాదు. ఇట్లు పోవుటయు మంచిది కాదు. పది కుటుంబములు కలిసి, పంచాయతీ సభ్యుల పూనికతో, ఒక్కరోజు యాత్రను క్షేమముగ సాగించుట ఎట్లో ఇచట వివరించుచున్నాము.

ఎత్తిపోతల ఎచట ఉన్నది?

మన ప్రాంతమునకు దగ్గరలో పేరుపొందిన జలపాతము ఎత్తిపోతల. ఇది పల్నాడు జిల్లా మాచర్ల మండలమున తాళ్ళపల్లె వద్ద, మాచర్ల నుండి నాగార్జునసాగరు పోవు దారిలో కలదు. సాగరు ఆనకట్టకు సుమారు 11 కిలోమీటర్ల దూరము. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడువరకు ఇది గుంటూరు జిల్లాలోనిదే. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు అను మూడు ఏరులు కూడి, సుమారు 70 అడుగుల ఎత్తునుండి దుముకుచున్నవి. అచటినుండి ఆ నీరు మూడు కిలోమీటర్లు ప్రవహించి కృష్ణలో కలియును. చెంతనే దత్తాత్రేయుని ఆలయము, రంగనాథుని ఆలయము కలవు. యతులు తపస్సు చేసిన తలము గనుక ‘యతి తపో తలము’ అను మాటయే ఎత్తిపోతల అయినదని కొందరు పెద్దలు చెప్పుదురు. నీటిని ఎత్తి పోయుట అను అర్థము మన రైతులందరికిని తెలిసినదే.

గుంటూరు వైపునుండి వచ్చువారికి సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్లకు రోడ్డును రైలుమార్గమును కలవు. అద్దంకి, దర్శి ప్రాంతములవారు వినుకొండ, కారెంపూడి మీదుగా రావచ్చును. మార్కాపురము వైపువారికి యర్రగొండపాలెము మార్గము దగ్గర.

ఏ కాలమున పోవలెను?

యాత్రకు అనువైన కాలము దసరా సెలవులు. అప్పటికి మిరప నారు నాటుట చాలవరకు ముగియును. పత్తి తీత ఇంకను ముమ్మరము కాదు. వానలవలన వాగులలో నీరు నిండుగ ఉండును. కృష్ణకు వరద వచ్చిన ఏడు సాగరు గేట్లు తెరచిన దృశ్యమును చూచు అదృష్టమును కలుగవచ్చును. సంక్రాంతి సెలవులలో ఎండబాధ ఉండదు గాని, వాగుల నీరు తగ్గియుండును. మే నెలలో పిల్లలను తీసికొనిపోవలదని మా సలహా. దారిలోని రెంటచింతల, రాష్ట్రమున అధికోష్ణము నమోదగు ఊళ్ళలో ఒకటియని పేరుపడినది. ఆ బండరాళ్ళ ప్రదేశమున మధ్యాహ్నపు ఎండకు చంటిబిడ్డలు తాళజాలరు.

ఐతే దసరా దినములు తుపానుల దినములు కూడ. కావున ప్రయాణమునకు రెండు దినములు ముందు వాతావరణ శాఖవారి హెచ్చరికను తెలిసికొనవలెను. భారీవర్ష సూచన ఉన్నచో యాత్రను వాయిదా వేయుటయే వివేకము. బస్సు బయానా పోవునని బిడ్డలను వాగుపాలు చేయరాదు.

ప్రయాణ సాధనము

ట్రాక్టరు ట్రక్కు ఎరువు బస్తాలకు, మిరప టిక్కీలకు ఏర్పడినది, మనుష్యులకు కాదు. సరకు వాహనములలో ప్రయాణికులను ఎక్కించుట చట్టవిరుద్ధము. అంతకుమించి అది ప్రాణాపాయకరము. ట్రక్కు ట్రాక్టరుకు ఒక్క కొక్కెముతో తగిలింపబడి ఉండును. మలుపులో గాని, గట్టు దిగునప్పుడు గాని ఒక చక్రము జారినచో ట్రక్కు పక్కకు ఒరగును. లోపల పట్టుకొనుటకు ఏమియు ఉండదు. కూలికి పోవు స్త్రీలు ఇట్టి ప్రమాదములలో మరణించిన వార్తలు మిరప కోతల దినములలో మనము వినుచునే ఉన్నాము. విహారమునకు ఆ దారి త్రొక్కవలసిన అగత్యము లేదు.

పది, పన్నెండు కుటుంబములు కలిసినచో సమీపపు ఆర్.టి.సి. డిపోలో ఒక బస్సును అద్దెకు మాటలాడుకొనవచ్చును. తక్కువమంది ఐనచో మాచర్లకు బస్సులో గాని రైలులో గాని చేరి, అచటినుండి సాగరు బస్సు ఎక్కవచ్చును. 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకము క్రింద మన రాష్ట్ర మహిళలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో టిక్కెట్టు రుసుము లేకయే ప్రయాణింపవచ్చును. గుర్తింపు కార్డు మాత్రము వెంట ఉండవలెను.

ఖర్చును ఏ కుటుంబమునకు ఆ కుటుంబమే భరించుట న్యాయము. పంచాయతీ నిధులను దీనికి ముడిపెట్టరాదు. పంట అప్పుతో కలిపి చేబదులు తెచ్చి విహరించుటయు తగదు. నెలకు కొంత చొప్పున మూడు నెలలు ఒకరియొద్ద జమకట్టినచో ఎవరికిని భారము తెలియదు. భర్త లేని తల్లులు, కౌలు రైతులు, కూలి కుటుంబములవారు వెనుకంజ వేయకుండ వారి పిల్లల భాగమును తక్కినవారు పంచుకొనుట ఊరికి శోభ.

నీటి స్వభావము తెలియవలెను

యాత్రలో ముఖ్యమైన విషయము ఇదియే. మన పిల్లలకు తెలిసినది చెరువు నీరు, కాలువ నీరు. జలపాతపు నీటి తీరు వేరు. మీద వాగు పుట్టినచోట వాన కురిసినచో, జలపాతమువద్ద ఆకాశము నిర్మలముగ ఉన్నను, కొంతసేపటికి వెల్లువ వచ్చి పడును. పైనున్న జలాశయములనుండి నీరు వదలుటయు కలదు. వెల్లువకు ముందు కొన్ని గుర్తులు కనబడును: తేటనీరు ఎర్రబారును, ఆకులు పుల్లలు కొట్టుకొని వచ్చును, ధార చప్పుడు హెచ్చును. వీనిలో ఏ ఒక్కటి కనబడినను అందరును తక్షణమే గట్టెక్కవలెను. చెప్పులకొరకు, గిన్నెలకొరకు వెనుకకు పోరాదు.

నీరు పడుచోట మడుగు లోతుగ ఉండును. ధార బలమునకు నీరు క్రిందికి పోయి, మరల పైకి లేచి సుడులు తిరుగును. మునిగినవానిని ఆ సుడి ధారవైపునకే లాగును. ఈత వచ్చినవాడైనను దానికి ఎదురు నిలువజాలడు. రాళ్ళపై పట్టిన పాచి సబ్బువలె జారును. ఇంతే కాక, ఎత్తిపోతల మడుగువద్ద మొసళ్ళ పెంపక కేంద్రము కలదు. కావున ఆ మడుగులో దిగరాదు, కాళ్ళు కడుగరాదు. పర్యాటక శాఖవారు ఎదుటి కొండపై చూపుతావు ఏర్పరచినారు. అచటినుండి జలపాతము నిండుగ కనబడును. కటకటాలపైకి పిల్లలను ఎక్కించుట, సెల్‌ఫోనులో బొమ్మ తీయుటకై అంచునకు జరుగుట కూడదు.

ఎవరైన నీట పడినచో వెంటనే దూకినవాడు రెండవ ప్రాణమును పణముగ ఒడ్డినవాడగును. త్రాడు గాని, పొడవైన కర్ర గాని, ముడివేసిన చీరలు గాని విసిరి లాగవలెను. పాతిక మూరల మోకును వెంట తీసికొనిపోవుట ఇందులకే. బయటికి తీసినవారిని తలక్రిందులుగ వ్రేలాడదీయుట, కాళ్ళు పట్టి గిరగిర త్రిప్పుట, పొట్ట నొక్కి నీరు కక్కించుట మన పల్లెలలో వాడుక. ఇది హానికరము, విలువైన నిమిషములు ఇందువలన వృథా అగును. ఊపిరి ఆడనిచో వెల్లకిల పరుండబెట్టి, తల వెనుకకు వంచి, ముక్కు మూసి, నోటితో ఊపిరి ఊదవలెను. పిమ్మట ఛాతీ నడుమ 30 మారులు వేగముగ నొక్కి, మరల 2 మారులు ఊదవలెను. సహాయము అందువరకు ఇట్లే చేయుచుండవలెను. ఒకరు ఈ పనిలో ఉండగ మరియొకరు 108కి ఫోను చేయవలెను. ప్రాథమిక ఆరోగ్యకేంద్ర సిబ్బందిని కోరి, బయలుదేరుటకు ముందే ఈ పద్ధతిని నలుగురు పెద్దలు నేర్చుకొనుట మేలు.

పిల్లల లెక్క, ఆహారము

ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద చొప్పున బాధ్యత పంచవలెను. “అందరును చూచుచున్నారు” అనుకొన్నచోట ఎవరును చూడరు. బస్సు ఎక్కునప్పుడు, దిగునప్పుడు పేరు పేరున పిలువవలెను. ప్రతి బిడ్డ జేబులో పేరు, ఊరు, తండ్రి లేక తల్లి ఫోను సంఖ్య వ్రాసిన చీటి ఉండవలెను. తప్పిపోయినచో వెదకుకొనుచు తిరుగక, కలిసికొనుటకు ముందే నిర్ణయించిన చోట నిలువవలెనని వారికి బోధింపవలెను. తప్పిపోయిన బిడ్డలకొరకు 1098, అత్యవసరమునకు 112 సంఖ్యలు కలవు.

ఆహారమునకు పులిహోర, చపాతీలు, అరటిపండ్లు శ్రేష్ఠము. వేడిలో పెరుగన్నము మధ్యాహ్నమునకే పులియును. కాచి చల్లార్చిన నీరు బిందెలతో తీసికొనిపోవలెను. వాగు నీరు త్రాగరాదు. ఓ.ఆర్.ఎస్. పొట్లములు, దూది, గుడ్డపట్టీలు ఒక పెట్టెలో ఉండవలెను. కోతుల ఎదుట పొట్లములు విప్పరాదు. ప్లాస్టిక్ సంచులను, విస్తళ్ళను అచట విడువక మూటగట్టి తిరిగి తేవలెను. మన ఊరి పారిశుద్ధ్యమునకు పాటుపడు సభ్యులు పరాయిచోట చెత్త విడుచుట తగదు.

చూడదగినవి, చెప్పదగినవి

తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరినచో చిలకలూరిపేట ప్రాంతమువారు 9 గంటలలోపుగ ఎత్తిపోతల చేరవచ్చును. రెండు గంటలు అచట గడిపి, భోజనము ముగించి, సాగరు పోవచ్చును. నాగార్జునకొండ దీవికి లాంచీలో పోవుటకు సగము దినము పట్టును; అచటి పురావస్తు ప్రదర్శనశాలకు శుక్రవారము సెలవు. చంటిబిడ్డలతో ఒక్కనాడు రెండును చూడబూనినచో అలసటయే మిగులును. కావున దీవిని మరియొక యాత్రకు విడిచి, ఒడ్డునగల అనుపు చూచుట సుకరము. 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకములలో బయల్పడిన ఇక్ష్వాకుల నాటి కట్టడములు జలాశయమున మునుగకుండ కొన్నిటిని అచట తిరిగి నిలిపినారు. సాయంత్రము 4 గంటలకు తిరుగు ప్రయాణము కట్టినచో పిల్లలు నిద్రవేళకు ఇల్లు చేరుదురు.

సాగరువద్ద పిల్లలకు చూపవలసినది కుడి కాలువ. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ ఈ ఆనకట్టకు శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలినారు. జవహర్ కాలువ అను పేరుగల కుడి కాలువ 203 కిలోమీటర్లు సాగి, సుమారు 11 లక్షల ఎకరముల ఆయకట్టుకు ఆధారమైనది. జలాశయపు నిండు మట్టము 590 అడుగులు. నీటి సామర్థ్యము సుమారు 312 టి.యం.సి.లు. ఒక టి.యం.సి. నీరు సుమారు 23 వేల ఎకరములపై ఒక అడుగు ఎత్తున నిలుచును. ఈ లెక్కను పిల్లలచేత వేయించినచో వారు మరువరు.

కాలువ చివరి భూములవారికి ఈ దర్శనము మరింత అవసరము. తమ తూమువద్దకు నీరు రాని యేడు వారు పైఊరివారిని నిందింతురు. పైఊరివారు తమకే చాలదందురు. ఇంత దూరము నడచి, ఎన్ని తూములు దాటి నీరు తమ మడికి వచ్చుచున్నదో కంటితో చూచిన బిడ్డ, పెద్దవాడై కాలువకు గండి కొట్టుటకు వెనుదీయును. కాలువ పూడిక తీయుటకు ముందు నిలుచును.

వచ్చు గ్రామసభలో ఈ విషయమును ప్రస్తావించి, పేర్లు వ్రాయించి, బాధ్యతలు పంచుడు. మోకు, మందుల పెట్టె, పేర్ల పట్టిక — ఈ మూడు సిద్ధమైన పిదపనే బస్సు మాటలాడుడు. వెళ్ళినంతమందియు తిరిగివచ్చి, పిల్లలు మరునాడు బడిలో తాము చూచినది చెప్పగలిగిననాడు ఆ యాత్ర సఫలమైనట్లు.