బండి ముందర ఇనుప గార్డు ఎవరిని కాపాడుతది?

ఈసారి నేను పికప్ బండి బంపరు గురించి రాస్తున్నాను. ఆడపిల్లకు బంపరుతో ఏం పని అని నవ్వకండి. మన హాస్టలుకు బియ్యం, కూరగాయలు వచ్చేది పికప్‌లోనే.

బంపరు అంటే బండి ముందర అడ్డంగా ఉండేది, కంపెనీ వాళ్లే పెట్టిస్తరు. కొన్నిటికి రేకుది, కొన్నిటికి ప్లాస్టిక్‌ది. గార్డు అంటే దాని ముందర మనం షెడ్డులో చేయించుకునే లావు ఇనుప పైపుల చట్రం. రెండూ ఒకటే పని చేస్తాయని చాలామంది అనుకుంటరు. కాదు.

మా మామ అమ్రాబాద్ వైపు నుంచి హైదరాబాదుకు పికప్ నడుపుతడు. బండి ఆయనది కాదు, సేటుది. సీతాఫలాల కాలంలో పండ్లు వేస్తడు, మిగతా రోజుల్లో ఏ కిరాయి దొరికితే అది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ సందులు ఆయనకు మన అడవి బాటల లెక్క తెలుసు. పోయిన ఏడాది గొడ్డు అడ్డం వచ్చి బంపరు ఒక పక్క చినిగింది. సేటు ఏమన్నడంటే, "ఈసారి గట్టి గార్డు చేయించు. మళ్లీ పగిలితే నీ జీతంలో పట్టుకుంటా" అన్నడు. సెలవుల్లో మామ ఈ సంగతి చెప్పినప్పుడు మాకు గమన నియమాలు, పని-శక్తి పాఠాలు అయిపోయినయి. అందుకని నేను పలక మీద లెక్క చేసి చూపించిన.

లెక్క ఇది. గంటకు 36 కిలోమీటర్లు అంటే సెకనుకు 10 మీటర్లు. డ్రైవరు 60 కిలోలు ఉన్నడనుకుందాం. ఆయన గతిశక్తి ½ × 60 × 10 × 10 = 3000 జౌళ్లు. బండి గోడకు గుద్దింది. బెల్టు పెట్టుకున్న డ్రైవరు బండితోపాటే ఆగుతడు. బండి మూతి అర మీటరు నలిగి ఆగిందనుకోండి. పని = బలం × దూరం కాబట్టి, బలం 3000 ÷ 0.5 = 6000 న్యూటన్లు. నలగకుండా 10 సెంటీమీటర్లలోనే ఆగిపోతే 3000 ÷ 0.1 = 30,000 న్యూటన్లు. ఆయన బరువు సుమారు 600 న్యూటన్లు. మొదటిసారి తన బరువుకు 10 రెట్లు, రెండోసారి 50 రెట్లు దెబ్బ! బండి మూతి నలిగేది నష్టం కోసం కాదు, ఆ నలుగుడే మనిషి మీద పడే బలాన్ని తగ్గిస్తది. పికప్‌కు కారుకు ఉన్నంత నలిగే జాగా ఉండదు. ఉన్న కొంచెం జాగా మీదికెళ్లి ఇనుప గార్డు దెబ్బను నేరుగా చాసిస్‌కు అందిస్తది. బండికి గీత పడకపోవచ్చు, లోపలి మనిషికి పక్కటెముకలు విరుగుతయి. ఎయిర్‌బ్యాగు ఉన్న బండ్లలో ఇంకొక సంగతి ఉంది. దెబ్బను కనిపెట్టే సెన్సారును కంపెనీవాళ్లు తమ బంపరు లెక్కన సరిచేస్తరు. ముందర గార్డు ఉంటే దానికి దెబ్బ సరిగా తెలియక బ్యాగు తెరుచుకోవడం ఆలస్యం కావచ్చు.

మామ ఇదంతా విని, "నా సంగతి సరే కోడలా, నేను నిమ్మళంగనే నడుపుత" అన్నడు. అప్పుడు నేను అన్న సంగతి ఎత్తిన. మా అన్న అశోక్‌నగర్‌లో ముగ్గురితో కలిసి గది తీసుకుని గ్రూప్ పరీక్షలకు చదువుతున్నడు. పొద్దుగాల చిక్కడపల్లి గ్రంథాలయానికి నడిచే పోతడు. ఆయన లెక్క చదువుకునే పిల్లలు ఆ రోడ్ల మీద ఎంతమందో! నారాయణగూడ, చిక్కడపల్లి మీదుగా 2020 నుంచి మెట్రో నడుస్తున్నది, దాని స్తంభాలు రోడ్డు నడుమ ఉన్నయి. ఇందిరా పార్కు నుంచి వి.ఎస్.టి. దాకా 2023 ఆగస్టులో ఉక్కు వంతెన తెరిచినంక కొన్ని బండ్లు పైనుంచి పోతున్నయి. కానీ కింద చౌరస్తాలో నడిచేటోళ్లు నడుస్తనే ఉన్నరు.

నడిచే మనిషికి బండి తాకినప్పుడు రేకు, ప్లాస్టిక్ కొంచెం లోపలికి పోతయి. ఇనుప పైపు పోదు. పైగా దెబ్బంతా సన్నని జాగాలోనే పడుతది. పీడనం = బలం ÷ వైశాల్యం అని ఎనిమిదిలో చదివినం కదా. గొడ్డలి పదునుతో కొడితే కట్టె చీలుతది, మడమతో కొడితే చీలదు, అదే లెక్క. పెద్దమనిషికి ఆ పైపు తొడ దగ్గర తగులుతది. అంగన్‌వాడీ పిల్లకైతే తలకాయకే తగులుతది.

మరి అడవిలో దుప్పి, పంది, గొడ్డు అడ్డం వస్తే ఎట్ల అని మామ అడిగిండు. ఆ మాటలో న్యాయం ఉంది. జంతువు గుద్దితే గార్డు రేడియేటర్‌ను కాపాడుతది, అది అబద్ధం కాదు. ఆస్ట్రేలియాలో కంగారూల కోసమే అట్లాంటివి పెడతరు. కానీ మామ బండి సగం రోజు మనుషుల నడుమనే ఉంటది. అడవి రోడ్డు మీద వేగం తగ్గిస్తే గొడ్డూ బతుకుతది, బంపరూ బతుకుతది. యూరప్ దేశాలు 2005లో ఇట్లాంటి గార్డులకు నియమం పెట్టినయి, నడిచేవాళ్లకు ప్రమాదం తగ్గుతదని పరీక్షలో తేలితేనే అమ్మాలి. మన దగ్గర షెడ్డులో పైపు వంచేటప్పుడు అట్లాంటి పరీక్ష ఎవరు చేస్తరు?

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చేసిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఈ గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. 2019లో చట్టాన్ని సవరించినంక, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు ఓనరుకు 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఓనరుకు అనే మాట మామ సేటుకు గట్టిగానే చెప్పిండు. లెక్క కంటే ఆ మాటే ఎక్కువ పని చేసిందని నా అనుమానం. చివరికి అదే కొలతల కంపెనీ బంపరు వేయించడానికి సేటు ఒప్పుకున్నడు.

ఇక బిగించే పని. ఇది నేను దగ్గరుండి చూసిన. బండిని చదును నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందు వెనుక రాళ్లు పెట్టిండ్రు. ముందుగా బ్యాటరీ మైనస్ వైరు తీసిండ్రు. పాత బంపరును ఇద్దరు పట్టుకోవాలి, ఒక్కరే విప్పితే కాలి మీద పడుతది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు.

కొత్తదాన్ని పాత రంధ్రాల్లోనే, పాత బ్రాకెట్లకే బిగించాలి. చాసిస్‌కు కొత్త రంధ్రం వేయొద్దు, వెల్డింగు అసలే వద్దు. వేడికి ఆ జాగాలో ఉక్కు గుణం మారి తర్వాత పగులు రావచ్చు. బోల్టు తల మీద అంకెలు ఉంటయి, చూడండి. 8.8 అని ఉన్నది 4.6 కంటే చాలా గట్టిది. కంపెనీ ఏ అంకెది పెట్టిందో అదే కొనాలి, సందుకు పట్టిందని ఏదో ఒకటి తోయొద్దు. అన్ని బోల్టులు మొదట చేత్తో తిప్పి, బంపరు సమంగా ఉందా చూసి, అప్పుడు ఒకటి ఎడమ, ఒకటి కుడి బిగించుకుంటూ పోవాలి. ఒక పక్కంతా ముందే బిగిస్తే రెండో పక్క వంకరపోతది. ఎంత బలంతో బిగించాలో బండి పుస్తకంలో ఉంటది, దానికి కొలత చూపించే పానా ఉంటది.

తర్వాత స్టీరింగ్ రెండు పక్కలా పూర్తిగా తిప్పి టైరు తగులుతుందేమో చూడాలి. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, నంబరు పలక కనబడాలి. రేడియేటర్‌కు గాలి పోవాలి. వైరు ఎక్కడా నలగకూడదు. కొత్త బోల్టులను నాలుగు రోజులు తిరిగినంక మళ్లీ చూడాలి. మామ రెండు ట్రిప్పులు కొట్టి వచ్చి పానా పెట్టి చూస్తే, ఎడమ పక్క ఒక నట్టు పావు చుట్టు తిరిగింది.

- 9వ తరగతి విద్యార్థిని