మంగు సోకిన చీనీ కాయలు – వినియోగదారుల విముఖత, విస్తరణ కర్తవ్యం

అనంతపురం జిల్లా యాడికి మండలంలో సాగయ్యే ప్రధాన ఉద్యాన పంటల్లో చీనీ ఒకటి. సగటు వార్షిక వర్షపాతం తక్కువగా ఉన్న ఈ జిల్లాలో చీనీ తోటలు అధికంగా బోరుబావులపైనే ఆధారపడి ఉన్నాయి. కోసిన కాయను ఎవరూ కొనకపోతే దానిని పండించిన భూగర్భ జలం కూడా వృథా అయినట్లే. లోపల రసం బాగున్నప్పటికీ తొక్కపై మచ్చ కారణంగా ధర తగ్గడాన్ని ఈ దృష్టితో పరిశీలించవలసి ఉంది.

మచ్చకు కారణం: కంటికి ఆనని మంగు నల్లి లేత కాయల తొక్క నుండి రసం పీల్చడం వల్ల తొక్క గోధుమ రంగుకు మారి గరుకుగా తయారవుతుంది. స్వల్పంగా సోకిన కాయల రసంలో, తీపిలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తీవ్రంగా సోకిన కాయలు మాత్రం చిన్నవిగా ఉండి, తేమను త్వరగా కోల్పోయి వడలిపోతాయి. రాత్రి ఉష్ణోగ్రతలు తగినంత తగ్గని కాలంలో పక్వానికి వచ్చిన కాయ కూడా పచ్చగానే ఉంటుంది. దీనిని పచ్చి కాయగా భావించడం మరొక అపోహ.

వినియోగదారుల ధోరణి: కొనేటప్పుడు రుచి తెలియదు కనుక రంగు, నునుపుదనాలనే నాణ్యతకు గుర్తులుగా తీసుకుంటారు. అదే వ్యక్తి పండ్లరసం బండి వద్ద తొక్కను పట్టించుకోక గ్లాసులోని రసాన్నే చూస్తాడు. కాబట్టి విముఖత కాయపై కాదు, కాయను గురించిన సమాచార లోపంపై ఆధారపడి ఉంది.

ఫ్రాన్సులో 2014లో ఇంటర్‌మార్షే సంస్థ ఆకారం చెడిన పండ్లు, కూరగాయలను 30 శాతం తక్కువ ధరకు అమ్మి వినియోగదారుల దృష్టిని ఆకర్షించింది. లోపం రూపానికే పరిమితమని పేరు పెట్టి స్పష్టంగా చెబితే కొనుగోలు పెరుగుతుందని, ఆ పేరుకు భారీ తగ్గింపు కంటే మితమైన తగ్గింపు జోడించడం మేలని 2021లో జర్నల్ ఆఫ్ మార్కెటింగ్‌లో వెలువడిన పరిశోధన తెలిపింది. ధర మరీ తగ్గిస్తే కాయలో ఏదో లోపం ఉందన్న అనుమానం బలపడుతుంది.

విస్తరణ సూచనలు:

1. మంగు కాయలను వేరుచేసి, కోసిన ముక్కలను పక్కనే ఉంచి, మచ్చకు కారణాన్ని తెలుగులో రాసి ప్రదర్శించాలి.

2. పండు ఈగ, రసం పీల్చే రెక్కల పురుగు ఆశించిన కాయలు కుళ్ళుతాయి. వీటిని మంగు కాయలతో కలపరాదు. ఒక్క కుళ్ళిన కాయ వినియోగదారుని నమ్మకాన్ని పోగొడుతుంది.

3. మంగు కాయలను నిల్వ చేయక, సమీప పట్టణాల్లోని పండ్లరసం దుకాణాలకు త్వరగా చేర్చాలి.

4. ఏర్పడిన మచ్చ మందులతో పోదు. కనుక లేత కాయ దశలోనే నల్లిని గమనించి, లీటరు నీటికి 3 గ్రా. నీటిలో కరిగే గంధకం కలిపి పిచికారీ చేయాలి. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు గంధకం వాడరాదు.

తోటలో నల్లి నివారణ ఎంత అవసరమో, అంగడిలో అపోహ నివారణ కూడా అంతే అవసరం. మొదటిది రైతుకు నేర్పుతున్నాము. రెండవది వినియోగదారునికి నేర్పడం విస్తరణ కార్యక్రమాల్లో భాగం కావాలి.