మనోవ్యథయు, స్త్రీల ఋతుధర్మమును

స్త్రీకి సకాలమున ఋతుస్రావము కానప్పుడు గ్రహదోషమనియు, సంతానము ఆలస్యమైనప్పుడు గొడ్రాలనియు నిందించుట మన పల్లెలలో నేటికిని పూర్తిగా తొలగలేదు. దేహధర్మము తెలిసినచో ఇట్టి నిందలకు తావుండదు. కావున ఆ విషయమును పంచాయతీ సభ్యుల ముందుంచుచున్నాము.

మెదడు అడుగుభాగమున హైపోథలామస్ అను చిన్న అంగము కలదు. ఋతుచక్రపు పూర్వార్ధమున అది సుమారు గంట, గంటన్నరకొకసారి ఒక హార్మోనును పీయూషగ్రంథికి పంపును. పీయూషగ్రంథి రెండు హార్మోనులను రక్తములోనికి వదలి అండాశయమును మేల్కొల్పును. అంతట అండము పక్వమగును; ఈస్ట్రోజన్, ప్రొజెస్టరోన్ అను హార్మోనులు ఉత్పత్తియగును. చెరువు తూము నుండి కాలువకు, కాలువ నుండి మడికి నీరు చేరునట్లే ఈ క్రమము సాగును.

భయము, దుఃఖము కలిగినప్పుడు మూత్రపిండములపై నున్న అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును అధికముగా స్రవించును. ఆపదలో ఇది శరీరమునకు శక్తినిచ్చును. కాని వ్యథ నెలల తరబడి కొనసాగినచో, అందునను అర్ధాకలి, అతిశ్రమ తోడైనచో, హైపోథలామస్ పంపు సంకేతములు మందగించును. తూము మూసినచో మడి ఎండును. అది మడి దోషము కాదు. 1944-45 శీతకాలమున నెదర్లాండ్సులో కరవు సంభవించినప్పుడు అనేక స్త్రీలకు ఋతుస్రావము నిలిచిపోయెను. ఆహారము లభించిన పిదప తిరిగి ప్రారంభమయ్యెను.

అయితే ప్రతి సందర్భమునను మనోవ్యథయే కారణమని తలచరాదు. గర్భధారణ, థైరాయిడ్ లోపము, అండాశయ వ్యాధులు కూడ కారణములు కావచ్చును. గర్భము కాకయే మూడు నెలలు ఋతుస్రావము నిలిచినచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున పరీక్ష చేయించుకొనవలెను. సంతానము కలుగనప్పుడు భర్తకును పరీక్ష అవసరము. లోపము ఇరువురిలో ఎవరియందైనను ఉండవచ్చును.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన 11వ షెడ్యూలులో ఆరోగ్యము, స్త్రీ శిశు అభివృద్ధి పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార దినమున ఆశా కార్యకర్తచే ఈ విషయమును స్త్రీలకే గాక అత్తమామలకు, భర్తలకు కూడ చెప్పింపుడు. మనోవ్యథతో బాధపడువారు 14416 సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చునని తెలుపుడు. ఇంటిలో తాగి కొట్టు భర్తలున్నచో ఉపేక్షింపకుడు.

నింద వలన వ్యథ ఇనుమడించును. వ్యథ వలన రుగ్మత ముదురును. గొడ్రాలను మాట మీ గ్రామమున వినబడకుండ చేయుటకు ఖర్చేమియు లేదు. అది మొదటి చికిత్స.