కార్టన్ కట్టే ముంగట కాయిదం చూసుకో

గల్ఫ్‌కు పోయేటోనికి ఏమేం కాయిదాలు గావాలెనో మన ఊళ్లె పదో తరగతి పోరడు గూడ చెప్తడు. పాస్‌పోర్టు, వీసా కాపీ, మెడికల్, ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అగ్రిమెంట్. అదే పదేండ్లు, పదిహేనేండ్లు అక్కడ కష్టం జేసి, వీసా క్యాన్సిల్ కొట్టుకొని, మొత్తానికే ఇంటికొచ్చేటోనికి ఏం కాయిదాలు గావాలె అని అడిగితె ఎవ్వరికి తెల్వదు. "టికెట్ ఉంటె సాలు గద" అంటరు.

సాలదు. టికెట్ తోని మనిషి వస్తడు. సామాను రావాలంటె కాయిదం గావాలె. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ దిక్కు ఏ ఊరికి పోయినా ఒక్కటే ముచ్చట. కార్గోల ఏసిన సామాను ముంబయిల పడ్డదని, ఇడిపిచ్చుడుకే సామాను ధర కంటె ఎక్కువైందని. తప్పు కస్టమ్స్ దా, కార్గో ఏజెంటుదా అని కొట్లాడుకుంటరు గని, చానసార్లు ఆ లెక్క విమానం ఎక్కకముందే చెడిపోయి ఉంటది.

అక్కడ పన్నెండు గంటలు డ్యూటీ చేసి, రూముకొచ్చి వండుకొని తిని పండుకునే నాయినకు గీ రూల్స్ చదివే ఓపిక యాడుంటది? ఇంటికాడ ఫోన్ల నెట్ ఉన్నది నీ దగ్గర. అందుకే తమ్మీ, చెల్లె, ఇది మీకు రాస్తున్న.

మొదలు ఒక మాట తెలుసుకో. బయటి దేశంల ఉండి మొత్తానికి ఇంటికొచ్చేటోని సామానుకు మన కస్టమ్స్‌ల ఒక ప్రత్యేకమైన రాయితీ ఉన్నది. దాన్ని ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ అంటరు, పొట్టిగ టీఆర్. మన మాటల చెప్పాలంటె కాపురం మార్చుకునుడు. 2016ల వచ్చిన బ్యాగేజ్ రూల్స్ ప్రకారం అయితె లెక్క ఇట్ల ఉండె: మూడు నెలల నుంచి ఆరు నెలల దాక బయట ఉన్నోనికి 60 వేల రూపాయల సామాను దాక డ్యూటీ లేదు. ఆరు నెలల నుంచి ఏడాది దాక ఉంటె లక్ష. ఎనుకటి రెండేండ్లల్ల కనీసం ఏడాది ఉంటె 2 లక్షలు. రెండేండ్లు, అంతకంటె ఎక్కువ ఉంటె 5 లక్షలు. విమానంల ఎంట తెచ్చుకునేదానికి మామూలు ప్రయాణికులకు అప్పట్ల ఇచ్చిన 50 వేల మాఫీకి ఇది అదనంగ ఉండె.

గీ అంకెలు సర్కారు నోటిఫికేషన్ల తోని మారుస్తనే ఉంటది. గాబట్టి నాయిన బయలెల్లే నెలల కేంద్ర కస్టమ్స్ బోర్డు, అదే సీబీఐసీ, దాని సైట్ తీసి ఆనాటి అంకె చూసుకోవాలె. వాట్సాప్‌ల తిరిగే పాత ఫొటో నమ్ముకోవద్దు.

నాకు ముఖ్యం అనిపించేది అంకె కాదు. ఆ రూల్‌ల మనిషి జీతం ఎంత, ఏం పని చేసిండు, ఫ్యామిలీ వీసానా లేబర్ వీసానా అని ఎక్కడ అడగలేదు. దినాలు అడిగిండ్రు, అంతే. ఎండల నిలవడి బిల్డింగులు కట్టిన మేస్త్రికి, ఏసీల కూసున్న మేనేజర్‌కు ఒక్కటే హక్కు. కువైట్ ఇండ్లల్ల పని చేసొచ్చే కడప, కోనసీమ అక్కలకు గూడ అదే హక్కు. గని మేనేజర్ దర్జాగ ఫారం నింపి అడుగుతడు. మనోళ్లు లీవుకు వచ్చినట్టే రెండు పెట్టెలు పట్టుకొని, ఎవడన్న ఆపుతడేమో అని తల దించుకొని బయటికి నడుస్తరు. మిగిలిన సామాను రూముల ఉన్నోళ్లకు పంచిపెట్టి వస్తరు, లేకుంటె అగ్గువకు అమ్ముకొని వస్తరు. వాషింగ్ మిషిన్, చిన్న ఫ్రిజ్, ఓవెన్, కంప్యూటర్, కార్పెట్లు, కంబళ్లు... ఇయ్యన్ని పదేండ్ల చెమట పైసలు. అడిగితె వచ్చేదాన్ని అడగక పోగొట్టుకునుడు నాకు మనసున పట్టదు.

ఇగ దినాల లెక్కకు వద్దాం. అసలు కథ ఇక్కడనే ఉన్నది. రెండేండ్ల వరుసల రాయితీ రావాలంటె మూడు షరతులు. వచ్చే తారీఖుకు ముందటి రెండేండ్లు బయటనే ఉండాలె. ఆ రెండేండ్లల్ల లీవుల మీద ఇండియాల ఉన్న దినాలన్ని కలిపినా ఆరు నెలలు దాటొద్దు. ఎనుకటి మూడేండ్లల్ల ఇదే రాయితీ వాడుకొని ఉండొద్దు.

మన లేబరోళ్లకు మొదటి రెండు షరతులు కష్టమేం కాదు. రెండేండ్లకోసారి రెండు నెలలు వచ్చేటోళ్లే ఎక్కువ. చెడేది యాడంటె, చెల్లె పెండ్లికి 50 దినాలు, నాయిన ఆపరేషన్‌కు 75 దినాలు, మల్ల ఇల్లు కట్టుడుకు 70 దినాలు వచ్చినోనికి. కలిపితె 195. ఆరు నెలలు దాటింది. అసొంటోడు టికెట్ ఓ నెల ఎన్కకు జరుపుకుంటె, పాత లీవు ఒకటి ఆ రెండేండ్ల కిటికీల నుంచి బయటపడి లెక్క సక్కగ అయితుండొచ్చు. టికెట్ తీసే ముంగటనే పాస్‌పోర్టు ముద్రలు ముంగటేసుకొని కాయితం మీద కూడాలె. పోయిన తారీఖు, వచ్చిన తారీఖు, నడుమ దినాలు. తక్కువ పడితె అంతటితో ఖతం అని గూడ కాదు. కంపెనీ ముందుగాల పంపిచ్చినా, ఇంకేదన్న గట్టి కారణం ఉన్నా, రెండు నెలల దాక తక్కువను మాఫీ చేసే అధికారం అసిస్టెంట్ కమిషనర్‌కు, డిప్యూటీ కమిషనర్‌కు ఉండె. లీవు దినాలు ఎక్కువైనా కారణం రాసి అడగొచ్చు. నోటితోని కాదు, దరఖాస్తు రాసి, ఆస్పత్రి కాయిదమో కంపెనీ లెటరో జత చేసి.

దినాలకు సబూతు ఏంది? ముందు రోజుల్ల పాస్‌పోర్టుల వీసా స్టిక్కర్, లోపలికి బయటికి ముద్రలు ఉంటుండె. ఇప్పుడు దుబాయ్ ఎయిర్‌పోర్టుల స్మార్ట్ గేట్ల నుంచి వస్తె ముద్ర పడది. యూఏఈల 2022 ఏప్రిల్ నుంచి రెసిడెన్సీ స్టిక్కర్ గూడ పాస్‌పోర్టుల అతికిస్తలేరు, ఎమిరేట్స్ ఐడీనే దాని జాగల ఉన్నది. గాబట్టి వీసా క్యాన్సిల్ అయ్యేలోపట్నే ఆడి ఇమిగ్రేషన్ నుంచి వచ్చిపోయిన తారీఖుల రిపోర్టు తీసుకోవాలె. సౌదీల ఉన్నోళ్లు ఇఖామా నడుస్తున్నప్పుడే అబ్షర్‌ల ఉన్న వివరాలు దించుకోవాలె. ఇఖామా, ఐడీ రెండు దిక్కుల జిరాక్స్, వీసా క్యాన్సిలేషన్ లేకుంటె ఫైనల్ ఎగ్జిట్ కాయిదం, కంపెనీల ఎన్నేండ్లు పని చేసిండో సర్టిఫికెట్. పాత పాస్‌పోర్టు అయిపోయి కొత్తది వస్తె పాతది పారేయొద్దు, ముద్రలన్ని దాంట్లనే ఉంటయి.

ఇంకో గుంత ఉన్నది, మనోళ్లు మస్తుగ పడేది. లీవుకని వస్తడు, ఇంటికాడ మనసు మారుతది, ఇగ పోనంటడు. రూముల ఉన్న సామాను దోస్తు ఆరు నెలలకు కార్గోల ఏస్తడు. ఎంట రాకుండ ఎనుక వచ్చే సామానుకు వేరే రూలున్నది: మనిషి దిగిన నెల లోపట అక్కడ్నుంచి బయలెల్లాలె. ముందుగాల వచ్చేదైతె మనిషి కంటె రెండు నెలల ముందటి దాక రావొచ్చు. రోగం, వరద, విమానాలు బంద్ అసొంటి కారణాలుంటె అధికారి గడువు పెంచొచ్చు గని, "మనసు మారింది సార్" అంటె కష్టం. మల్ల ఆ సామాను బయట ఉన్నప్పుడు ఈయన సొంతానిది అయి ఉండాలె. కొత్తగ కొని పంపినయి ఇండ్ల కిందికి రావు. గిఫ్ట్ అని రాపిద్దామంటె ఆ తొవ్వ గూడ మూసుకున్నది. 2019 డిసెంబర్ల పోస్టుల, కొరియర్ల గిఫ్ట్ పేరు మీద వచ్చే సామానునే బంద్ పెట్టిండ్రు. రాఖీలు, ప్రాణం కాపాడే మందులు తప్ప.

ఇప్పుడు లిస్టు. ప్యాకింగ్ లిస్టు అంటరు. కార్గో ఏజెంటు రాసేది ఒక్క లైను: "వాడిన ఇంటి సామాను, 6 కార్టన్లు". ఆ ఒక్క లైను జూసి అధికారి ఏం చెయ్యాలె? కార్టన్ కోస్తడు. తనకు తోచిన ధర కడతడు. లిస్టు మనమే రాసుకోవాలె. ఒకటో నంబర్ కార్టన్‌ల ఏమున్నది, ఎన్ని, ఏ కంపెనీ, ఏ ఏడాదిల కొన్నది, ఇప్పుడు ధర ఎంత. మిషిన్లకు సీరియల్ నంబర్, బిల్లు దొరికితె బిల్లు. నాయిన ఫోన్ల ఫొటోలు తీసి పంపుతె నువ్వు ఇంటికాడ టైపు కొట్టు. కార్టన్ మీద నంబరు, లిస్టుల నంబరు ఒక్కటే ఉండాలె. "నీ సందున్నది గద, గీ చిన్న పెట్టె గూడ ఏసుకో" అని దోస్తు ఇస్తె, అది ఇగ నీ నాయిన పేరు మీద వచ్చినట్టే. దాంట్ల ఏం ఎల్లినా జవాబు ఆయనే చెప్పాలె.

అదే లెక్కన ఏజెంటుకు పాస్‌పోర్టు జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగ "నా ఈ 6 కార్టన్లకు మాత్రమే" అని తారీఖు ఏసి సంతకం పెట్టాలె. ఆ జిరాక్స్ మీద ఇంకెవరి సామానో దిగితె, ఈయన మూడేండ్ల హక్కు వాళ్లకు పోయినట్టే అయితది.

టీవీ ముచ్చట తెల్వక కొట్లాడేటోళ్లు ఇంకా ఉన్నరు. ఫ్లాట్ టీవీకి 2013 ఆగస్టు 26 నుంచి ఉచిత రాయితీ తీసేసిండ్రు. 2016 రూల్స్‌ల గూడ అది రాయితీ లేని జాబితాలనే పెట్టిండ్రు. డ్యూటీ, దాని మీద సర్‌చార్జి కలిపి 38.5 శాతం కట్టిన రోజులున్నయి. అంత పెట్టి మోసుకొచ్చుడు కంటె ఇక్కడ కొనుక్కునుడే నయం. 300 లీటర్లు దాటిన ఫ్రిజ్, డీప్ ఫ్రీజర్, డిష్ వాషర్ల జాబితా వేరే, అది చూసుకోకుండ కార్టన్ కట్టొద్దు. భార్య మాఫీ, భర్త మాఫీ కలిపి ఒకే పెద్ద సామానుకు వాడుకునుడు కూడ నడవది.

బంగారం గురించి రెండు మాటలు. ఏడాది కంటె ఎక్కువ బయట ఉన్న ఆడామెకు 40 గ్రాములు, మొగాయనకు 20 గ్రాముల నగలు అని 2016 రూల్‌ల ఉండె. గని దాని ఎంబడి లక్ష, 50 వేలు అని పైసల హద్దు గూడ పెట్టిండ్రు. బంగారం ధర ఎక్కుకుంట పోయినకొద్ది పైసల హద్దు ముందు నిండి, గ్రాముల హద్దు ఉత్త కాయిదం మీదనే మిగిలింది. ఇది నగలకే, బిస్కెట్లకు ఈ మాఫీ లేదు. ఇంకొకటి, చానమంది చెయ్యనిది: ఇక్కడ్నుంచి పుస్తెలతాడు, గాజులు ఏసుకొని పోయే అక్క, పోయేటప్పుడే శంషాబాద్ కస్టమ్స్ కాడ ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాపిచ్చుకోవాలె. వచ్చేటప్పుడు "ఇది నా అవ్వగారు పెట్టిన బంగారం" అని ఏడ్చే కంటె ఆ ఒక్క కాయిదం నయం.

పర్మిట్ లేకుండ తేకూడనియి గూడ ఉన్నయి. ఎడారిల పని చేసినోళ్ల దగ్గర తురాయా సాటిలైట్ ఫోన్ ఉంటది, అక్కడ అది మామూలు సామానే. ఇక్కడ పర్మిషన్ లేకుండ దొరికితె కేసే. డ్రోన్, వాకీటాకీ గూడ అంతే. ఈ-సిగరెట్లు 2019 నుంచే మన దేశంల నిషేధం. పెట్టె కట్టెతోని చేపిస్తె, ఆ కట్టెకు పురుగు వట్టకుండ మందు కొట్టినట్టు అంతర్జాతీయ ముద్ర ఉండాలె. (పోయేటోళ్లకు గూడ ఇసొంటి రూల్స్ ఉన్నయి. కోడికూరల ఏసే గసాలు సంచిల కట్టిస్తది అవ్వ ప్రేమతోని. యూఏఈల, సౌదీల గసాలు మత్తుమందు లెక్క. జైలుకు పోయే సామాను అది.)

సామాను దిగినంక గడియారం నడుస్తనే ఉంటది. దించిన 30 దినాలల్ల ఇడిపిచ్చుకోకుంటె నోటీసు ఇచ్చి అమ్ముకునే అధికారం కస్టమ్స్ చట్టం 48వ సెక్షన్ల ఉన్నది. అమ్మకున్నా, గోదాం కిరాయి దినదినం ఎక్కుతది. హైదరాబాద్‌కు సముద్రం లేదు గాబట్టి ఓడ సామాను ముందు ఏ రేవుల దిగుతది, క్లియరెన్స్ అక్కడనేనా, లేకుంటె సనత్‌నగర్ కంటైనర్ డిపో దాక వస్తదా అన్నది ఏజెంటుతోని ముందే రాపిచ్చుకోవాలె. "డోర్ డెలివరీ" అంటె డ్యూటీ, గోదాం కిరాయి ఎవరు కట్టాలె అన్నది గూడ రసీదు మీదనే ఉండాలె. అంత దూరం తిరగలేనోళ్లు లైసెన్స్ ఉన్న కస్టమ్స్ బ్రోకర్‌కు సంతకం చేసిన ఆథరైజేషన్ ఇయ్యొచ్చు. లైసెన్స్ నంబర్ అడుగుడు తప్పేం కాదు.

అధికారి ఏదన్న పట్టుకుంటె గొడవ పెట్టుకోవద్దు, అట్లని ఉత్త చేతుల తోని రావొద్దు. నిజంగ డిక్లేర్ చేసిన సామాను అయితె, అక్కడనే పెట్టుకొని తిరిగి దేశం పోయేనాడు ఇయ్యిమని అడిగే వెసులుబాటు 80వ సెక్షన్ల ఉన్నది. ఏదైనా రసీదు మీదనే. సర్కారును ఒక్కటి అడుగుత నేను: ఇన్ని వేల మంది మనోళ్లు దిగే శంషాబాద్‌ల బెల్టు కాడ గీ దినాల లెక్క, గీ రాయితీ పెద్ద తెలుగు అక్షరాలల్ల రాసి పెట్టుడుకు ఎంత ఖర్చు అయితది?

పిల్లలు అక్కడ పుట్టి ఉంటె బర్త్ సర్టిఫికెట్, మన కాన్సులేట్‌ల పుట్టుక నమోదు చేసిన కాయిదం, బడి టీసీ మీద అటెస్టేషన్, ఇయ్యన్ని అక్కడ ఉన్నప్పుడే చేపిచ్చుకోవాలె. ఇక్కడికొచ్చినంక ఒక్క ముద్రకు మల్ల ఎవరినో బతిమాలాలె. గీ ఒరిజినల్ కాయిదాలు, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ గని ఎయిర్‌వే బిల్లు గని కార్టన్ల పెట్టనియ్యకు. చేతి సంచిల ఉండాలె, అన్నిటి ఫొటోలు నీ ఫోన్ల ఉండాలె.